చుట్టూ గీత

ముప్పై నాలుగేళ్లు పిల్లలకు తెలుగు చెప్పాను. వత్తు వదిలేస్తే సున్నా పెట్టేదాన్ని. "ఇల్లు పాతదైపోయింది" అని రాస్తే కొట్టేసి, పైన ఎర్రసిరాతో "శిథిలమైంది" అని దిద్దేదాన్ని. మంచి మాట ఉండగా మామూలు మాట ఎందుకని నా వాదన. ఎలీసబెతు టీచరు అర్జీ రాస్తే కలెక్టరైనా కుర్చీలోంచి లేవాల్సిందేనని మా సీతాఫల్‌మండిలో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించింది ఇంకెవరో కాదు, నేనే. అది ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేమీ లేదు. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే కూర్చున్నాను.

మాది లాంతరు గల్లీ. ఒకప్పుడు రైల్వే సిగ్నళ్లకు లాంతర్లు పెట్టేవాళ్లంతా ఇక్కడే ఉండేవాళ్లు. మా నాన్న నోవహు కూడా ఆ పనివాడే. గల్లీ మొదట్లో ఉన్న మూలింటి గోడకు ఆయన నల్లరంగుతో ఒక పెద్ద చదరం పూసి, దాని మీద సుద్దముక్కతో వార్తలు రాయడం మొదలుపెట్టాడు. రేపు నీళ్లు ఐదింటికే వస్తాయి. లూకా గారింట ఆడపిల్ల పుట్టింది. రేషన్ షాపులో చక్కెర వచ్చింది. నల్లమేక తప్పిపోయింది, చూసినవాళ్లు చెప్పగలరు. పేపరు కొనేవాళ్లు గల్లీలో నలుగురుంటే, గోడ చదివేవాళ్లు గల్లీ మొత్తం ఉండేవాళ్లు. నాన్న పోయాక సుద్దముక్క నా చేతికొచ్చింది. సాయంత్రం బడి నుంచి వస్తూ ఐదు నిమిషాలు ఆగి రాసి, ఇంటికెళ్లి కాళ్లు కడుక్కునేదాన్ని.

ఆ మూలిల్లు గవరమ్మది. విజయనగరం వైపు నుంచి పెళ్లయిన ఏడాదే ఇక్కడికొచ్చింది. భర్త ఎల్లాజీ రైల్వే గ్యాంగులో పనిచేస్తూ నలభై నిండకుండానే పోయాడు. పిల్లల్లేరు. గవరమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ గోడ తనది కాబట్టి, రోజూ పొద్దున వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, తడిగుడ్డతో ఆ నల్లచదరం శుభ్రంగా తుడిచేది. తుడవమని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

ఒక్క నియమం మాత్రం నాన్న కాలం నుంచీ ఉంది. చావు వార్త అయితే చుట్టూ గీత గీసి, ఆ పెట్టెలో పేరు రాయాలి. దాన్ని మూడు రోజులు తుడవకూడదు. గవరమ్మ గీతను చూసి తెలుసుకునేది. గీత లోపల వదిలేసి, బయటంతా తుడిచేది. పోయినవాళ్లు హిందువులైనా, క్రైస్తవులైనా, ముస్లిములైనా ఆ మూడు రోజులూ గోడ కింద చిన్న దీపం పెట్టేది. మావాళ్లకు దీపాలేమిటని ఒకసారి అడిగాను.

"ఎవులైతే ఏటి టీచరమ్మా, పోయినోరు పోయినోరే" అంది.

ఎల్లాజీ పేరును మాత్రం మూడు రోజులు దాటినా తుడవలేదు, వాన వచ్చి కడిగేదాకా అలాగే ఉంచింది. "నా పేరు కూడా మీరే రాయాల. గీత తిన్నగా గియ్యాల" అని నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. మరి ముందు నేను పోతే ఎలా అంటే, "గీత నాను గీస్తాను, అచ్చరాలు ఎవులో ఒకలు రాస్తారు" అని నవ్వేది.

రెండువేల సంవత్సరం ఆగస్టు వానలు జంటనగరాల వాళ్లెవరూ మరచిపోరు. ఆ వానకు గవరమ్మ ఇంటికప్పు మీద రెండు పెంకులు పగిలాయి. ఆ స్థలం ఒక పాత ట్రస్టుది. ఇల్లు నిలబడి ఉన్నంతకాలం అందులో ఉన్నవాళ్లను కదిలించకూడదని, మరమ్మతు ట్రస్టే చేయించాలని ఎప్పటిదో ఒప్పందం. మూడు ఉత్తరాలు రాసినా వాళ్లు ఉలకలేదు, పలకలేదు.

"రెండంటే రెండు పెంకులు టీచరమ్మా. సరిగ్గా పొయ్యి మీదే కారతన్నాది. పేపరోలకి ఒక ముక్క రాయండి" అని గవరమ్మ వచ్చింది.

ఒక ముక్క రాస్తే సరిపోయేది. రెండు పెంకులు పగిలాయి, వేయించండి అని. కానీ అలా రాయడానికి నా చెయ్యి ఒప్పుకోలేదు. రెండు పెంకులకు ఎవడు కదులుతాడు? ఇలా రాశాను: "శిథిలావస్థకు చేరిన ఈ గృహము ఏ క్షణమందైనను నేలమట్టమగు ప్రమాదమున్నది. ఒంటరి వృద్ధురాలు ప్రాణములు అరచేత పట్టుకొని జీవించుచున్నది. అధికారులు తక్షణమే స్పందించవలెను."

వారం తిరక్కుండానే పేపరు సిటీ పేజీలో వేశారు. పక్కన గవరమ్మ ఇంటి ఫొటో కూడా. నేను గల్లీలో నిలబడి పైకి చదివి వినిపించాను. గవరమ్మ ఫొటోలో తన ముగ్గు కనబడిందని సంబరపడి, "శిథిలమంటే ఏటి టీచరమ్మా?" అని అడిగింది.

"పాతది అని" అన్నాను.

పక్కింటి ఆర్థర్ గారు పార్సిల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. నోరు ఊరుకోదు. "ఏందీ టీచర్, రెండు పెంకులకు గింత భాషనా? గోరంతది కొండంత జేసిన్రు" అన్నారు.

"కొండంత రాస్తేనే గోరంత పనవుతుంది, ఆర్థర్ గారూ" అన్నాను. ఆ జవాబు నాకే ఎంతో నచ్చింది. ఇంటికెళ్లి కటింగును నా పుస్తకంలో అంటించుకున్నాను.

అక్టోబరులో అదే పేపరులో ఇంకో వార్త వచ్చింది. సీతాఫల్‌మండి పాత గల్లీలన్నీ పునరుద్ధరిస్తారట. రోడ్లు వెడల్పు చేస్తారట, లైట్లు పెడతారట, పాత ఇళ్ల సంగతి చూస్తారట. నా ఉత్తరం వల్లే ఇదంతా కదిలిందని నేను నమ్మాను, గల్లీ కూడా నమ్మింది. ఆ సాయంత్రం గోడ మీద పెద్ద అక్షరాలతో శుభవార్త రాసి వచ్చాను. మర్నాడు పొద్దున ఆర్థర్ గారు గోడ ముందు నిలబడి ఒకటే నవ్వు.

"టీచర్, మీరు పునరుద్ధరణ అని రాయలే. మన గల్లీకి పునరుత్థానం అని రాసిన్రు. గది కావాల్నంటే ముందుగాల సచ్చిపోవాలె గదా!"

ఏటా ఈస్టరుకు రాసీ రాసీ చెయ్యి అలవాటున పోయింది. గల్లీ అంతా నవ్వింది. నా రాతలో తప్పు దొరకడం అదే మొదలు. ఒళ్లు మండిపోయి, కొంగుతోనే చెరిపేశాను. గవరమ్మకు మా గొడవ ఏమీ పట్టలేదు. ఇల్లు బాగుచేస్తారని అందరికీ బెల్లం ముక్కలు పంచుతోంది. నాకు రెండు పెట్టింది.

నవంబరులో మా చెల్లెలి మనవడి బాప్తిస్మానికి నరసాపురం వెళ్లాను. నాలుగు రోజుల తర్వాత పొద్దున ఆటో దిగేసరికి మూలింటి గోడ కింద దీపం వెలుగుతోంది. ఎవరో పోయారనుకున్నాను. పక్కన గవరమ్మ పీట వేసుకుని కూర్చుని, బంతి ఆడుకునే పిల్లల్ని అదిలిస్తోంది. నల్లచదరం మీద ఎర్రరంగుతో ఒక నంబరు రాసి ఉంది. చుట్టూ ఎర్రగీత.

"వచ్చినారా టీచరమ్మా! మీరు నేరు గదా, ఎవులో వచ్చి రంగుతో రాసినారు. నాను అప్పుడు కుళాయి కాడ ఉన్నాను. వచ్చి సూస్తే సుట్టూ గీత ఉన్నాది. మూడు దినాలై ఒక్కల్ని ముట్టనీనేదు. అడిగితే ఎవులూ సెప్పరు, మొకాలు తిప్పేసుకుంటన్నారు. ఎవులు పోయారు టీచరమ్మా?"

తలుపు పక్కన నోటీసు అంటించి ఉంది. శిథిల భవనమని గుర్తించడమైనది, పదిహేను రోజుల్లో ఖాళీ చేయవలెను, ఆపై తొలగించబడును. రెండుసార్లు చదివాను. శిథిల అన్న మాటలో ఒక్క తప్పు కూడా లేదు. థ పొట్టలో చుక్క కూడా సరిగ్గా ఉంది. గల్లీలో చదువొచ్చినవాళ్లందరూ ఆ కాగితం చదివే ఉంటారు. చెప్పడం మాత్రం నా కోసం ఆపి ఉంచారు.

"ఎవరూ పోలేదు, గవరమ్మా."

"మరి గీతేటి?"

"ఇల్లు."

"ఇల్లేటి?"

"ఇల్లు కూలగొడతారట."

ఆమె నా ముఖంలోకి చూసింది, గోడను చూసింది, దీపాన్ని చూసింది. దీపం ఆర్పేస్తుందనుకున్నాను. ఆర్పలేదు. "ఎట్టిన దీపం, ఉండనీండి" అని లోపలికెళ్లిపోయింది. బయట నా పెట్టె, నా సంచీ, నేను అలాగే నిలబడిపోయాం.

మర్నాడే ఆర్థర్ గారు, నేను, గవరమ్మ మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. ఇంజనీరు చిన్నవాడు, మర్యాదస్తుడు. మర్యాద లేనివాడైతే నాలుగు తిట్టి వచ్చేదాన్ని, నాకు అది చాలా తేలిక. అతను కుర్చీలు వేయించి, ఫైలు తెరిచాడు. అన్నిటికన్నా పైన నా కటింగ్ ఉంది. అదే ఫొటో, అదే ముగ్గు. అతను నా వాక్యాన్ని పైకి చదివాడు. ఏ క్షణమందైనను నేలమట్టమగు ప్రమాదమున్నది. దేవుడు నన్ను క్షమించాలి, ఆ గదిలో, గవరమ్మ పక్కన కూర్చుని, వాక్యం ఎంత బాగా కుదిరిందో అని ఒక్క క్షణం అనుకున్నాను.

"మేం వెళ్లి చూసినప్పుడు గోడలు గట్టిగానే అనిపించినయ్ మేడం" అన్నాడు అతను. "కానీ పేపర్ల వచ్చినంక మేం వదిలేస్తే, రేపు నిజంగనే కూలితే ఎవరు రెస్పాన్సిబుల్? వెనక ట్రస్టు గోడౌను జాగాల ఎట్లాగూ కాంప్లెక్సు వస్తుంది, ఈ మూలిల్లొక్కటే అడ్డం అన్నరు వాళ్లు. మీ లెటర్ వాళ్లే తెచ్చి ఇచ్చిన్రు. ఒక పని చేయండి. మీరు రాసింది నిజం కాదని ఒక కాగితం రాసివ్వండి. నేను పైకి పంపి మళ్లీ ఇన్‌స్పెక్షన్ పెట్టిస్త."

తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. ఆర్థర్ గారు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు.

రాయాల్సింది మూడే మాటలు. నేను అబద్ధం రాశాను. అబద్ధమాడిన పిల్లల్ని ముప్పై నాలుగేళ్లు బెంచీ ఎక్కించిన చెయ్యి అది. ఎదురుగా నా కొడుకు వయసు ఉన్నవాడు చూస్తున్నాడు. చెయ్యి కదలలేదు. చివరికి ఇలా రాశాను: "మా లేఖయందలి వర్ణన కొంత అతిశయోక్తితో కూడినదని మనవి."

"ఏటి రాసినారు?" అని గవరమ్మ మెల్లగా అడిగింది.

"ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చెప్పానని రాశాను."

ఇంజనీరు చదివి, తల గోక్కున్నాడు. "కొంత అతిశయోక్తి అంటే, మిగతాది నిజమే అన్నట్టు కదా మేడం? దీంతోని నేనేం చెయ్యలేను."

ఇంకో కాగితం అడగొచ్చు. అతని బల్ల మీద తెల్లకాగితాల కట్ట ఉంది. చెయ్యి చాపితే అందేది. ఆర్థర్ గారు నా వైపు చూశారు. నేను పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాను. అంతా కలిపి ఒక నిమిషం కూడా పట్టి ఉండదు. ఆ తర్వాత అతను ఫైలు మూసేశాడు.

జనవరిలో ఒక గురువారం పొద్దున మిషను వచ్చింది. అప్పటికే గవరమ్మ వాకిలి ఊడ్చి, ముగ్గు పెట్టి, గోడ తుడిచింది. ముందురోజు నేనేమీ రాయలేదు. ఏమని రాస్తాను? "ఏటీ నేకపోయినా తుడిసినాను టీచరమ్మా, దుమ్ము పట్టేసింది" అంది. ఎర్రరంగు మాత్రం ఆమె తడిగుడ్డకు లొంగలేదు.

ఏ క్షణమందైనను నేలమట్టమయ్యే ఇల్లు మధ్యాహ్నం రెండున్నర దాకా నిలబడింది. గోడ పడదు. మిషను వెనక్కి పోతుంది, వస్తుంది, కొడుతుంది, గోడ పడదు. మిషను నడిపేవాడు చెమట తుడుచుకుంటూ కిందికి దిగి, "ఎవడన్నడు గిది శిథిలమని? ఇనుము లెక్కున్నది" అని అందరి ముందూ అన్నాడు. గల్లీలో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి వాళ్లెంత కష్టపడ్డారో నాకు తెలుసు. నోరా, వీపుకు తేకే అంటారు. ఇక్కడ నోరు నాది, వీపు గవరమ్మది.

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో మూటలు మోసే వరహాలబాబు ఆమెకు అన్నకొడుకు. మార్కెట్ వెనక వాళ్లకు ఒక గది ఉంది. ఆర్థర్ గారే ఆటోలో తీసుకెళ్లి దింపి వచ్చారు. ఆటో ఎక్కేముందు గవరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ గట్టిగా ఏడ్చేదాన్ని. "మీరు మంచికే రాసినారు టీచరమ్మా" అంది. ఆమె ఒళ్లో సంచీ, సంచీలో గోడ తుడిచే గుడ్డ మడతపెట్టి ఉంది.

మార్చిలో ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఉల్లిపాయల కుప్ప ముందు కూర్చుని కుళ్లినవి ఏరుతోంది. నన్ను చూడగానే లేచి, చీరకు చేతులు తుడుచుకుని, కింద పరవడానికి గోనెసంచీ దులిపింది. గల్లీలో ఒక్కొక్కరి పేరూ అడిగింది. లూకా గారి మనవరాలు నడుస్తోందా? కుళాయి ఎన్నింటికి వస్తోంది? ఎవులైనా పోయారా?

"ఇక్కడ గోడల మీద ఏటీ రాయరు టీచరమ్మా. పక్క గదిలో ముసిలాయన పోతే నాకు రెండు దినాలకి తెలిసింది. నాను పోతే మీకెలాగ తెలుస్తాది?"

"ప్రతి వారం వస్తానుగా" అన్నాను.

మళ్లీ వెళ్లలేదు. బస్సులు లేక కాదు, ఒంట్లో బాగోలేక కాదు. ఆమె నన్ను తిట్టదు, అదే నేను భరించలేకపోయాను. రేపు, ఎల్లుండి, ఈస్టరయ్యాక, ఎండలు తగ్గాక అనుకుంటూ గడిపేశాను.

జూలైలో ఒక సాయంత్రం నాలుగున్నరకు ఎవరో తలుపు కొట్టారు. గుండు చేయించుకున్న మనిషి, భుజాన తువ్వాలు. "టీచరమ్మ గారంటే మీరేనాండి? నేను వరహాలబాబునండి, గవరమ్మ గారి మేనల్లుణ్ని. అత్త పోయిందండి. ఇయాల్టికి పదకొండు దినాలు."

నేను తలుపు పట్టుకున్నాను. లోపలికి రమ్మనడం కూడా తోచలేదు.

"మీకు సెప్పమని మరీ మరీ సెప్పిందండి. పోయిన మర్నాడే వచ్చాను. మూలింటి గోడ మీద నల్లగా ఉంటాది, అక్కడ టీచరమ్మని అడుగు, అంది. ఆ గోడ కోసం రెండుసార్లు గల్లీ గల్లీ తిరిగి వెళ్లిపోయానండి. ఏది సూసినా రేకులే. ఇయాల చర్చి కాడ అడిగితే ఇల్లు సూపించారు." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "గీత తిన్నగా గియ్యమని సెప్పమందండి. అదేటో నాకు తెల్దు. మీకు తెలుస్తాదంది."

అతను వెళ్లాక బీరువాలో సుద్దముక్కల డబ్బా వెతికాను. జనవరి నుంచి ముట్టుకోలేదు. తీసుకుని గల్లీ మొదటికి నడిచాను. మూలింటి చోట చుట్టూ నీలిరంగు రేకులు, లోపల స్తంభాలు లేస్తున్నాయి. గోడ ఎక్కడ ఉండేదో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. సరిగ్గా అక్కడ నిలబడి రాయడం మొదలుపెట్టాను. రేకు మీద సుద్ద పట్టదు. ఒక్కో అక్షరం మూడుసార్లు దిద్దాల్సి వచ్చింది. పెద్ద మాటలు ఒక్కటీ రాయలేదు.

గవరమ్మ పోయింది.
ఆమె ఇల్లు గట్టిది.
నేను అబద్ధం రాశాను.
ఎలీసబెతు

ఆ తర్వాత చుట్టూ గీత గీశాను. రేకు మెట్లు మెట్లుగా ఉంది. ఎంత జాగ్రత్తగా గీసినా గీత వంకరే పోయింది. చెరిపి మళ్లీ గీశాను, మళ్లీ వంకరే. ఆమె నన్ను అడిగింది అదొక్కటే. అక్కడే, రోడ్డు మీదే, నోటికి కొంగు అడ్డుపెట్టుకుని ఏడ్చాను.

కాపలా మనిషి లోపలి నుంచి వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు మాట. "ఏందమ్మా, ఏం రాసిన్రు? నాకు సదువు రాదు."

చదివి వినిపించాను. మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. ఒక మనిషి ముందు నేను ఆ మాట అనడం అదే మొదటిసారి.

అతను తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "మీకేమైతదమ్మా ఆమె?"

"ఈ గోడ ఆమెది, నాయనా. చావు వార్తను మూడు రోజులు తుడవకూడదు, అది ఇక్కడి పద్ధతి. మూడు రోజులు ఉంచుతావా?"

"నేనైతే ముట్టనమ్మా, ఒట్టు. గని మా సాబు పొద్దుగాల తొమ్మిదింటికి వస్తడు. జూస్తే తుడిపిస్తడు. గప్పటిదాంక ఉంటది."

నలభై ఏళ్లుగా గల్లీలో ఎవరు పోయినా గవరమ్మ మూడు రోజులు కాపలా కాసింది. ఆమెకు మాత్రం పొద్దున తొమ్మిదింటిదాకే దొరికింది.